అంగారకుడిపై నీళ్లు కావాలంటే ఎక్కడ దిగడం మేలు?

అంగారకుడి మీద నీళ్లున్నాయా లేదా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. రేపు మనుషులు వెళ్తే వాళ్ల చేతికి అందే నీళ్లు ఎక్కడున్నాయన్నదే ఇప్పటి ప్రశ్న. తాగడానికే కాదు, తిరుగు ప్రయాణానికి ఇంధనం తయారు చేసుకోవడానికీ నీళ్లు కావాలి. కాబట్టి లెక్క టన్నుల్లోనే.

నిల్వ ఒక్కటే చూస్తే ఉత్తర ధ్రువానికి తిరుగులేదు. సుమారు 1,000 కిలోమీటర్ల వెడల్పు, రెండు కిలోమీటర్లకు పైగా మందం ఉన్న మంచు అది. కానీ చలికాలంలో అక్కడ నెలల తరబడి పొద్దు పొడవదు. 2008లో నాసా పంపిన ఫీనిక్స్ ల్యాండర్ 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర దిగి, కొద్ది సెంటీమీటర్లు తవ్వగానే తెల్లటి మంచు బయటపడింది. ఆ ముక్కలు నాలుగు రోజుల్లో, కరగకుండానే ఆవిరైపోయాయి. ల్యాండర్ కూడా ఆ చలికాలం దాటలేదు. ధ్రువానికి అంత దూరంలోనే ఇదీ పరిస్థితి.

మధ్యరేఖ దగ్గర ఎండ బాగుంటుంది, దిగడమూ తేలికే. అయితే అక్కడి గేల్ బిలంలో నాసా రోవర్ క్యూరియాసిటీ వేడిచేసి చూసిన మట్టిలో నీరు బరువులో సుమారు 2 శాతమే. టన్ను మట్టికి 20 లీటర్లు. ఆ మట్టిని తవ్వి, మోసి, కాల్చడానికయ్యే కరెంటు ఎవరిస్తారు?

ఇక 2024లో, అంగారకుడి ప్రకంపనల్ని కొలిచిన నాసా ల్యాండర్ ఇన్‌సైట్ డేటా ఆధారంగా, 11.5 నుంచి 20 కిలోమీటర్ల లోతున రాతి పగుళ్లలో ద్రవరూప నీరు ఉండొచ్చని ఒక అధ్యయనం చెప్పింది. భూమ్మీద అత్యంత లోతైన బోర్లలో ఒకటైన రష్యాలోని కోలా బోరు ఏళ్ల తరబడి తవ్వినా 12 కిలోమీటర్ల చిల్లరే దిగింది. దీన్ని వదిలేద్దాం.

నా ఓటు మధ్య అక్షాంశాలకే, అంటే మధ్యరేఖకూ ధ్రువానికీ నడుమ ప్రాంతానికి. గాలి పీడనం భూమిలో ఒక శాతం కూడా లేదు కాబట్టి మంచు బయటుంటే నిలవదు. మట్టి కప్పుకుని ఉంటే లక్షల ఏళ్లు నిలుస్తుంది. అక్కడి యుటోపియా మైదానం కింద 80 నుంచి 170 మీటర్ల మందాన మంచు ఉందని 2016లో రాడార్ తేల్చింది, దాదాపు ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సంత నీరు. 2018లో మరోచోట కొండచరియల అంచుల్లో మీటరు, రెండు మీటర్ల లోతు నుంచే మంచు పొరలు కనిపించాయి. 2021 డిసెంబరులో ఒక ఉల్క 35 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర పడి మంచు గడ్డల్ని పైకి చిమ్మింది.

తీయడానికి పద్ధతీ ఉంది. అంటార్కిటికాలోని దక్షిణ ధ్రువ కేంద్రంలో చేసినట్టే మంచులోకి వేడి పంపి, లోపలే కరిగించి, పంపుతో తోడాలి. మట్టిలో పెర్క్లోరేట్లు అనే హానికర లవణాలు ఉన్నాయి కాబట్టి శుద్ధి తప్పదు. అసలు టెన్షన్ మరొకటి: పైనున్న కొన్ని మీటర్ల పొరలో ఏముందో కక్ష్యలోని రాడార్‌కు సరిగా కనిపించదు. ముందు డ్రిల్ ఉన్న రోబోను పంపి చూడాలి. 35 డిగ్రీల వైపు ఎండ ఎక్కువ, 45 వైపు మంచు ఎక్కువ. నేనైతే ఆర్కేడియా మైదానంలో 40 దగ్గర దింపుతాను. పల్లపు నేల కావడంతో గాలి కాస్త చిక్కగా ఉండి, దిగేటప్పుడు వేగం తగ్గించడానికీ పనికొస్తుంది.