దాక్కున్నవాడు ఎప్పటిదాకా కనపడడు? 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ గురించి

నేను పాలకొల్లులో దస్తావేజులు రాసేవాణ్ణి. రాసిన మాటకి అర్థం ఇదా అదా అన్న తగువులు రోజూ చూస్తాను. ఆదివారాలు మా డాబా మీద గదిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తాను. తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. కథ చెప్పి తీర్పులిచ్చే డీఎంని నేనే. అందుకని ఆ ఆట రూల్స్ చెప్పే ఈ పుస్తకంలో నాకు కావాల్సింది వాక్యాలు. బొమ్మలు బాగానే ఉన్నాయి.

384 పేజీలు, గట్టి అట్ట. 12 క్లాసులు, అంటే పాత్రల రకాలు, ఒక్కోదానికి నాలుగేసి సబ్‌క్లాసులు. చివర్లో రూల్స్ గ్లాసరీ అని అక్షర క్రమంలో పెట్టారు, ఆట మధ్యలో వెతుక్కోవడానికి ప్రాణం లేచొచ్చింది. పాత లొసుగులు కొన్ని పూడ్చారు కూడా. ఇదే పుస్తకం 2014 కూర్పుని అక్షరం పట్టుకుని చదివితే, మాయమైనవాణ్ణి మంత్రం వేసుకుని చూడగలుగుతున్నా వాడి మీద దాడికి డిస్అడ్వాంటేజ్ (రెండు పాచికలేసి తక్కువది తీసుకోవడం) తప్పేది కాదు! ఇప్పుడు చూడగలిగినవాడి దగ్గర మాయమైనవాడికి ఆ లాభం చెల్లదని తేల్చేశారు.

తంటా అంతా హైడ్, అంటే దాక్కునే రూలు దగ్గర. శత్రువు చూపుకి అందకుండా, చాటునో చిక్కటి చీకట్లోనో ఉండి, స్టెల్త్ (నక్కే నేర్పు) పాచికలో 15కి తగ్గకుండా వేస్తే ఇన్విజిబుల్ కండిషన్ (కనపడని స్థితి) వస్తుంది. గుసగుసని మించి చప్పుడు చేసినా, దాడి చేసినా, నోటితో చదివే మంత్రం వేసినా, శత్రువు కనిపెట్టినా పోతుంది. మరి చాటు వదిలి బయటికొస్తేనో? దాని ఊసే లేదు.

మా ఆటలో పంటు రేవు దగ్గర బందిపోట్ల కాపలా. మా మేనల్లుడి పాత్ర రోగ్, దొంగచాటు పనుల క్లాసు. ఆ రోగ్ కొబ్బరికాయల రాశి వెనక నక్కాడు, స్టెల్త్‌లో 19 పడింది. వెంటనే లేచి, పట్టపగలు ఖాళీ ఇసుక మీద కాపలావాడికి ఎదురెళ్తానంటాడు. "చప్పుడు చెయ్యలేదు, కొట్టలేదు. వాడు పర్సెప్షన్‌లో, కనిపెట్టే పాచికలో, 19 వెయ్యలేదు కదండి మావయ్యా, నేను కనపడను." మా బావమరిది ఊరుకుంటాడా? "కాపలావాడికి కళ్లు లేవేంట్రా?" పకోడీలు చల్లారిపోయాయి, వాదన చల్లారలేదు.

లంక భూమి దస్తావేజులో తూర్పు హద్దు గోదావరి అని ఉంటే, వరదకి ఏరు జరిగాక ఆ ఒక్క ముక్క పట్టుకుని కూర్చుంటే పని జరగదు. సర్వే నంబరు, విస్తీర్ణం, మిగతా హద్దులు కలిపి చదవాలి. ఇక్కడా అంతే. దాక్కోవడానికే చూపుకి అందకూడదని షరతు పెట్టినవాళ్లు, ఎదురుగా నిలబడ్డా కనపడడని అనుకుని ఉండరు. పర్సెప్షన్ వెయ్యడం కనిపెట్టే ఒక దారి, అదొక్కటే దారని ఎక్కడా రాయలేదు. అలాగని మావాడి వాదన కొట్టిపారేసేదీ కాదు. చాటు వదలగానే కనపడిపోతే, రోగ్ వెనకనుంచి వచ్చి పొడిచేదెలా?

అందుకని నా తీర్పు: కాపలావాడు అటు తిరిగి ఉంటే ఆ టర్న్ అయ్యేదాకా కనపడవు, ఇటు చూస్తుంటే కనపడ్డట్టే. ముఖం ఎటు అన్న లెక్క పుస్తకంలో లేదు, అది నా చేర్పు. పాచిక వెయ్యకముందే చెప్పేస్తాను, పడ్డాక మార్చను. మావాడు కాసేపు గొణిగాడు.

ఇన్ని పేజీల్లో దీనికి నాలుగు లైన్ల ఉదాహరణ ఇవ్వడానికి చోటు లేకపోయిందా?

కొనేముందు ఎస్ఆర్‌డీ 5.2 అని ఈ రూల్స్‌లో కొన్ని ఉచితంగా దొరికే పత్రం ఉంది, దింపుకుని చూడండి, హైడ్, ఇన్విజిబుల్ రెండూ అందులో ఉన్నాయి. కాకపోతే క్లాసుకి ఒక్క సబ్‌క్లాసే ఇచ్చారు. అన్నీ కావాలంటే పుస్తకం కొనాలి, బల్లకి ఒక కాపీ చాలు. అయిదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒకటీ కోసింది హైడ్‌కే.