అమెరికాలో క్లినికల్ సైకాలజీ: పీహెచ్‌డీనా, సైడీనా, ఏది మేలు?

ఎమ్మెస్సీ సైకాలజీ అయ్యాక అమెరికాలో క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకునేవారికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి పీహెచ్‌డీ, రెండోది సైడీ (PsyD), అంటే డాక్టర్ ఆఫ్ సైకాలజీ. రెండింటి చివరా వచ్చే లైసెన్సు ఒకటే, రాసే పరీక్షా ఒకటే. ఈపీపీపీ అనే ఆ లైసెన్సు పరీక్షలో 225 ప్రశ్నలుంటాయి, సమయం 4 గంటల 15 నిమిషాలు. లైసెన్సు చేతికొచ్చాక క్లినిక్‌లో మీది ఏ డిగ్రీ అని అడిగేవాళ్లు తక్కువ. తేడా అంతా అక్కడికి చేరేలోపే ఉంటుంది: ఎవరి డబ్బు, ఎన్నేళ్లు, చివర్లో చేయాల్సిన ఏడాది ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా లేదా.

"పరిశోధన ఇష్టమైతే పీహెచ్‌డీ, కౌన్సెలింగ్ ఇష్టమైతే సైడీ" అని అందరూ చెబుతారు. అది సగం నిజమే. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సదస్సు, సైకాలజిస్టు పరిశోధకుడిగానూ చికిత్సకుడిగానూ తయారవ్వాలని తీర్మానించింది. పీహెచ్‌డీ ఆ బాటలోదే. 1973లో వెయిల్ సదస్సు, చికిత్సకే ప్రాధాన్యమిచ్చే సైడీని సమర్థించింది. కానీ పీహెచ్‌డీ విద్యార్థులూ తొలి రెండేళ్లలోనే పేషెంట్లను చూడటం మొదలుపెడతారు. సైడీ విద్యార్థులూ డిసర్టేషనో డాక్టోరల్ ప్రాజెక్టో చేయాల్సిందే. కాబట్టి ఇష్టం ఒక్కటే చూసి తేల్చుకోకండి.

డబ్బు

పీహెచ్‌డీలో చాలా విశ్వవిద్యాలయాలు ట్యూషన్ మాఫీ చేసి, టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ కింద స్టైపెండ్ ఇస్తాయి. ఆ స్టైపెండ్ తరచూ తొమ్మిది నెలలకే ఉంటుంది. వేసవి మూడు నెలల సంగతి, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారన్న సంగతి ఇంటర్వ్యూలోనే అడగాలి. అడిగితే తప్పుగా అనుకుంటారేమో అని మనవాళ్లు మొహమాటపడతారు. అక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు.

సైడీలో ఎక్కువ చోట్ల ఖర్చంతా మనదే. ఏడాదికి 40,000 డాలర్ల ఫీజు అనుకున్నా నాలుగేళ్లకు 1,60,000 అవుతుంది. రూపాయల్లో చూస్తే కోటి పైమాటే. ఇంటి అద్దె, తిండి దీనికి అదనం. ఇంటర్న్‌షిప్ ఏడాది కూడా ఎంతోకొంత నమోదు ఫీజు ఉంటుంది. ఎఫ్-1 వీసా మీద వెళ్లేవారికి అమెరికా ప్రభుత్వ విద్యా రుణాలు రావు. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకైనా 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ విద్యా రుణం ఇక ఉండదు. టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయం లాంటి కొన్ని చోట్ల సైడీకీ ఆర్థిక సాయం ఉంది. అవి కొద్దే, పోటీ పీహెచ్‌డీకి తీసిపోదు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి, సాయం లేని సైడీకి వెళ్లొద్దు. ఐదేళ్ల తర్వాత వచ్చే జీతం ఆ అప్పును తేలిగ్గా తీర్చేంత పెద్దది కాదు, పైగా వీసా ఒక్కచోట బెడిసినా అప్పు మాత్రం మిగులుతుంది.

ఒక్క పట్టిక చదవండి

ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామూ తన విద్యార్థుల లెక్కలను వెబ్‌సైట్‌లో బహిరంగంగా పెట్టాలి. బ్రోషర్ పక్కనపెట్టి ముందు ఇది తెరవండి. పూర్తిచేయడానికి సగటున ఎన్నేళ్లు పట్టింది, మొదటి ఏడాది ఖర్చెంత, మధ్యలో ఎంతమంది మానేశారు అన్నవి సులువుగానే అర్థమవుతాయి. తికమకపెట్టేవి రెండు.

మొదటిది ఇంటర్న్‌షిప్. పట్టికలో వరుసలు చాలా ఉంటాయి. పైవరుసలో ఇంటర్న్‌షిప్ దొరికినవారి శాతం 100కి దగ్గరగా కనిపిస్తుంది. మీరు చూడాల్సింది ఏపీఏ గుర్తింపు ఉన్న ఇంటర్న్‌షిప్ దొరికినవారి వరుస. గుర్తింపు లేని చోట చేస్తే కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సుకు అదనపు కాగితాలు పెట్టాలి, కొన్ని ఉద్యోగాలకు అసలు అర్హతే ఉండదు. ఆ వరుసలో ఏటా 90కి అటూఇటూ ఉంటే పర్వాలేదు. 80 దాటకపోతే ఆ ప్రోగ్రామును జాబితాలోంచి తీసేయండి.

రెండోది లైసెన్సు పొందినవారి శాతం. పీహెచ్‌డీలో అది కాస్త తక్కువున్నా కంగారు వద్దు, చాలామంది అధ్యాపకులుగానో పరిశోధకులుగానో స్థిరపడి లైసెన్సు తీసుకోరు. సైడీలో తక్కువుంటే మాత్రం ప్రమాదం. ఆ డిగ్రీ ఉన్నదే లైసెన్సు కోసం.

వీసా మీద వెళ్లేవారికి రెండు చిక్కులు

అమెరికాలో సైకాలజిస్టులకు అత్యధికంగా శిక్షణ ఇచ్చేది మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థ, వీఏ. అక్కడ ఇంటర్న్‌షిప్‌కు అమెరికా పౌరసత్వం ఉండాలి, గ్రీన్‌కార్డూ చాలదు. కాబట్టి మన విద్యార్థికి తలుపులు తక్కువ, ప్రోగ్రాము బలంగా ఉండాల్సిన అవసరం ఎక్కువ. గతంలో విదేశీ విద్యార్థులకు ఎక్కడెక్కడ ఇంటర్న్‌షిప్ వచ్చిందో పేరుపేరునా అడగండి.

రెండోది సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే అనుమతి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ స్థాయి చదువుకు ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, రాదు. ఇంటర్న్‌షిప్ సరిగ్గా ఏడాది ఉంటుంది. ఓపీటీ పోతే, డిగ్రీ తర్వాత చాలా రాష్ట్రాలు కోరే పర్యవేక్షిత గంటలు చేయడానికి దారి మూసుకుపోతుంది. అందుకే తేదీలు ఏడాదికి లోపే ముగిసేలా ఇంటర్నేషనల్ ఆఫీసుతో ముందే మాట్లాడుకోవాలి. అంతకుముందు చేసే ప్రాక్టికమ్ (చదువు మధ్యలో చేసే క్లినికల్ శిక్షణ) వారానికి 20 గంటలు దాటకుండా చూసుకోవాలి, దాటితే అదీ ఫుల్‌టైమ్ లెక్కలోకే వస్తుంది.

దరఖాస్తులో తేడా

పీహెచ్‌డీకి మీరు దరఖాస్తు చేసేది విశ్వవిద్యాలయానికి కాదు, ఒక ప్రొఫెసర్‌కు. ఆయన లేదా ఆమె ఏడాదికి ఒక్కరిని తీసుకుంటారు, కొన్నేళ్లు అసలు తీసుకోరు. ఆగస్టు, సెప్టెంబరులో నాలుగు వాక్యాల మెయిల్ పెట్టి "వచ్చే ఫాల్‌కు విద్యార్థిని తీసుకుంటున్నారా" అని అడగాలి. గడువు ఎక్కువ చోట్ల డిసెంబరు 1, ఇంటర్వ్యూలు జనవరి, ఫిబ్రవరిలో. నిధులతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15లోగా జవాబివ్వాలి. సైడీ ప్రోగ్రాముల్లో సీట్లు ఎక్కువ. వాటిలో చాలావరకు ప్రొఫెసర్‌తో జత కుదరడం కన్నా క్లినికల్ అనుభవాన్ని చూస్తాయి.

సిఫార్సు లేఖల దగ్గర మనవాళ్లు బాగా నష్టపోతారు. విద్యార్థే రాసుకొస్తే విభాగాధిపతి సంతకం పెట్టే "చాలా క్రమశిక్షణ గల విద్యార్థి" లేఖ అక్కడ ఖాళీ కాగితంతో సమానం. మీతో డేటా సేకరించినవారు, మీ విశ్లేషణలో తప్పు దిద్దినవారు రాసిన లేఖ కావాలి. సైడీకైతే మూడింట్లో ఒకటి ఆసుపత్రిలో మిమ్మల్ని పర్యవేక్షించినవారిది ఉండాలి.

స్టేట్‌మెంట్‌లో "చిన్నప్పటి నుంచి ఇతరులకు సాయం చేయడం ఇష్టం" అని రాస్తే పది వేల దరఖాస్తుల్లో కలిసిపోతారు. దాని బదులు ఇలా ఆలోచించండి. ఓపీడీలో పెద్దావిడ "దిగులు" అనే మాటే ఎత్తరు. గుండెదడ, ఒళ్లంతా మంటలు, నరాల నీరసం అంటారు. డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో మొదటి రెండు ప్రశ్నలు ఆసక్తి తగ్గడం గురించి, మనసు కుంగడం గురించి. ఆ రెండే అడిగి వడపోస్తే ఆమె దొరక్కపోవచ్చు. ఇది పరిశోధన ప్రశ్న, అదీ తెలుగు వచ్చినవాళ్లే బాగా అడగగల ప్రశ్న. ఇలాంటి ఒక్క పేరా, దానికి సరిపోయే ప్రొఫెసర్ పేరు ఉంటే పీహెచ్‌డీ దరఖాస్తు నిలబడుతుంది.

ఏపీ, తెలంగాణల్లో ప్రాక్టీస్ చేయాలన్నదే లక్ష్యమైతే లెక్క మారుతుంది. అమెరికా లైసెన్సు ఇక్కడ చెల్లదు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టర్‌లో పేరుండాలి. అలాంటివారు ముందు ఇక్కడి ఆర్‌సీఐ గుర్తింపు కోర్సులు చూసుకోవడం మేలు. క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ ప్రవేశాలను మాత్రం యూజీసీ 2025-26 వరకే పొడిగించిందని గుర్తుంచుకోండి.

పరిశోధన అనుభవం లేకుండా ఈ ఏడాదే 12 పీహెచ్‌డీలకు ఫీజులు కడితే వెయ్యి డాలర్ల దాకా పోతుంది. ఆ డబ్బు ఉంచుకుని, నిమ్హాన్స్‌లోనో మీ విశ్వవిద్యాలయంలోనో ప్రాజెక్టు స్టాఫ్‌గా రెండేళ్లు చేరండి. మూడేళ్ల డిగ్రీకి డబ్ల్యూఈఎస్ (విదేశీ డిగ్రీలను అమెరికా డిగ్రీలతో పోల్చి చెప్పే సంస్థ) మూల్యాంకనం, సీల్ వేసిన ట్రాన్‌స్క్రిప్టుల పని మాత్రం దరఖాస్తు చేసే ఏడాది జూన్‌లోనే మొదలుపెట్టండి. ఎగ్జామినేషన్ బ్రాంచిలో కాగితం కదలడానికి నెలలు పట్టొచ్చు, డిసెంబరు 1 మాత్రం ఎవరి కోసమూ ఆగదు.