అంబాసిడర్ 1489 ఇంజనుకు షెల్ బేరింగులు: ఏ సెట్టు కొనాలి, ఏది వదిలేయాలి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో "అంబాసిడర్ బేరింగులు" అని అడిగితే వీల్ బేరింగులు తీసి కౌంటరు మీద పెడతారు. "1489 పెట్రోల్, ఇంజన్ షెల్స్" అని అడగాలి. షెల్స్ అంటే క్రాంకు షాఫ్టు తిరిగే చోట రెండు సగాలుగా కూర్చునే పల్చటి లోహపు బేరింగులు. పెట్రోల్ అన్న మాట మింగేయొద్దు, అదే 1489 సీసీలో డీజిల్ ఇంజనూ ఉంది. 1990ల్లో వచ్చిన ఇసుజు 1800 సంగతే వేరు, దానికి మెయిన్లు (క్రాంకును బ్లాకులో మోసే బేరింగులు) ఐదు. మన 1489ది పాత బ్రిటిష్ బీఎంసీ బి-సిరీస్, దానికి మూడే.

2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవి మూడు రకాలు: పాత స్టాకు, పేరూ ఊరూ లేని కొత్త సెట్లు, ఇదే రకం ఇంజనున్న బ్రిటిష్ కారు ఎంజీఏ 1500 పేరుతో ఇంగ్లండ్ నుంచి తెప్పించుకునేవి. మూడింట్లో మా ఓటు పాత స్టాకుకే, కానీ కళ్లు మూసుకుని కాదు.

పాత స్టాకులో అట్టపెట్టె మీద రాసింది నమ్మొద్దు. షెల్ వెనకవైపు పంచ్ చేసిన అంకె చూడాలి: 010, 020, 030, 040. జర్నల్‌ను, అంటే షెల్‌లో తిరిగే క్రాంకు భాగాన్ని, అన్ని థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) అరగదీసినప్పుడు సరిపడే సైజు అది. అంకె లేకున్నా, ఎస్‌టీడీ అని ఉన్నా అది స్టాండర్డ్. ఏళ్ల తరబడి గిరాకీలకు విప్పి చూపించి మళ్లీ సర్దిన పెట్టెలు కాబట్టి పది సైజు సెట్టులో ఒక ఇరవై షెల్ చేరిపోవడం వింతేం కాదు. ప్రతి షెల్ మందం కొలవండి. పది సైజు షెల్ స్టాండర్డ్ కన్నా ఐదు థౌలే మందం ఉంటుంది, పది కాదు, జర్నల్‌కు రెండు వైపులా షెల్ ఉంటుంది కదా. లోపలి వంపు మీద మామూలు మైక్రోమీటరు సరిగ్గా కూర్చోదు. చిన్న స్టీలు గోళీ పెట్టి కొలిచి, గోళీ సైజు తీసేయండి. లోపలి ముఖం అంతా ఒకే మసక బూడిద రంగులో ఉంటే మంచిదే. తెల్లటి పొడి, సూదిపోట్ల లాంటి గుంటలు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. ఎమరీతో రుద్ది మెరిపిస్తే పై పొరే పోతుంది.

పేరులేని కొత్త సెట్లలో షెల్స్ చాలావరకు కొలిచి వాడుకోవచ్చు. తేడా కొట్టేది త్రస్ట్ వాషర్ల దగ్గర. ఈ ఇంజన్లో క్రాంకు ముందుకూ వెనక్కూ కదలకుండా ఆపేది నడిమి మెయిన్ దగ్గరుండే నాలుగు అర్ధచంద్రాకారపు వాషర్లే. క్లచ్ తొక్కినప్పుడల్లా బరువంతా వాటి మీదే. ఎండ్ ప్లే (క్రాంకు ముందుకూ వెనక్కూ కదిలే సందు) 2 నుంచి 3 థౌలు, అంటే 0.05 నుంచి 0.08 మి.మీ. ఉండాలి. కింది జత వాషర్ల చెవులు క్యాప్ (బేరింగును కింది నుంచి బిగించే మూత) గాడిలో వదులుగా ఊగుతుంటే ఆ సెట్టు వెనక్కి ఇచ్చేయండి. ఆయిల్ గాళ్లున్న ముఖం బేరింగు వైపు కాకుండా బయటికి, క్రాంకు వైపుకు రావాలి. తిరగేసి బిగిస్తే కొద్ది రోజుల్లోనే అరిగిపోతాయి, ఆ తర్వాత క్రాంకు బ్లాకునే తింటుంది.

విదేశీ సెట్లలో కొలతలు నమ్మకంగా ఉంటాయి, కస్టమ్స్‌తో కలిపితే ధర మాత్రం చురుక్కుమంటుంది. ఎంజీఏ తర్వాత వచ్చిన ఎంజీబీ కారు సెట్టు మాత్రం ఆర్డర్ చేయొద్దు. దాని మెయిన్ జర్నల్ 2.126 అంగుళాలు. మనది సరిగ్గా 2.

ఇక ఎక్కువమంది తప్పు చేసేది వరసలో. క్రాంకును ముందే లేత్ షాపుకిచ్చి "పది సైజు కొట్టు" అంటారు, తర్వాత చూస్తే బజార్లో ఇరవై తప్ప ఉండదు. ముందు షెల్స్ చేతికి రావాలి, ఆ తర్వాతే గ్రైండింగ్. మెయిన్లు పది, బిగ్ ఎండ్లు (కనెక్టింగ్ రాడ్ క్రాంకును పట్టుకునే చోట్లు) ఇరవై అయినా ఇబ్బందేం లేదు. స్టాండర్డ్ మెయిన్ 2.000 నుంచి 2.0005 అంగుళాలు, బిగ్ ఎండ్ పిన్ 1.8759 నుంచి 1.8764. పది సైజుకైతే ఇందులోంచి పది థౌలు తీసేసి కాగితం మీద రాసివ్వండి, నోటిమాట మీద వదలొద్దు. జర్నల్ అంచున ఉండే గుండ్రటి మూలను చెక్కేయొద్దని కూడా అదే కాగితం మీద రాయండి. అక్కడ పదునైన మూల పడితే క్రాంకు విరిగేది అక్కడే.

జర్నల్‌కూ షెల్‌కూ మధ్య సందు ఎక్కువైందని క్యాప్ రుద్దడం, షెల్ వెనక రేకు పెట్టడం కొందరు పాత మేస్త్రీల అలవాటు. రెండూ వద్దు. రుద్దిన క్యాప్‌లో రంధ్రం గుండ్రంగా ఉండదు. రేకు పెడితే వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. షెల్ సరిగ్గా పట్టిందో లేదో తెలియాలంటే క్యాప్ రెండు వైపులా బిగించి, ఒకవైపు పూర్తిగా వదులు చేయండి. ఆ వైపు సన్నటి సందు తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే షెల్‌కు పట్టు లేదు, రేపు రాడ్‌లో తిరిగిపోతుంది.

బిగింపు మెయిన్లకు 70 పౌండ్-అడుగులు, బిగ్ ఎండ్‌కు 35. సందు చూడటానికి ఆకుపచ్చ ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే మెత్తటి ప్లాస్టిక్ దారం) చాలు, అది 1 నుంచి 3 థౌల దాకా చూపిస్తుంది. ఒకటిన్నర దగ్గర వస్తే హాయి. వెనక మెయిన్ దగ్గర మరీ జాగ్రత్త, ఈ ఇంజనుకు అక్కడ రబ్బరు సీలు లేదు, ఆయిల్‌ను వెనక్కి లాగేది క్రాంకు మీది మరచుట్టే. సందు పెరిగితే ఆయిల్ నేరుగా క్లచ్ మీదికి చేరుతుంది. చాలామంది క్లచ్ ప్లేటును తిట్టుకుంటూ రెండుసార్లు మారుస్తారు.

కామ్ బుష్‌లు (కామ్‌షాఫ్టు తిరిగే బేరింగులు) మూడూ కూడా ఇదే పెట్టెలో వస్తే సంతోషించొద్దు. అవి కొట్టి దించేవి కావు. ఆయిల్ రంధ్రం కలిసేలా నొక్కి, మూడింటినీ ఒకే వరసలో రీమరుతో (రంధ్రాన్ని సైజుకు చెక్కే పనిముట్టు) చెక్కాలి. ఆ రీమరు లేని షాపులో పాతవి బాగుంటే ముట్టుకోకపోవడమే మేలు.