యాప్‌లో కనిపించే బ్యాలెన్స్ చూసి ఖర్చుపెట్టేవాళ్లకు హెచ్చరిక

డెబిట్ కార్డుతో కొనేవాళ్లంతా ఇది చదవండి. యాప్‌లో బ్యాలెన్స్ ఉంది కదా అని కొనేస్తుంటాం, కానీ అందులో కొంత డబ్బు మనం ఎప్పుడో ఖర్చుపెట్టేసిందే అయ్యుండొచ్చు, బ్యాంకు లెక్కలోకి ఇంకా ఎక్కలేదంతే. నాకు ఇలాగే ఒకేరోజు వరసపెట్టి ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీలు (అకౌంట్లో ఉన్నదానికంటే ఎక్కువ వాడితే బ్యాంకు వేసేవి) పడ్డాయి.

ఒక హోటల్ బిల్లు కార్డుతో కట్టాను. ఆ మొత్తం వెంటనే పెండింగ్‌లోకి వెళ్లింది, బ్యాలెన్స్ తగ్గింది, అంతవరకు బాగానే ఉంది. కొన్నాళ్లకి పెండింగ్ ఎంట్రీ మాయమైపోయి డబ్బు మళ్లీ బ్యాలెన్స్‌లో కనిపించింది. అసలు సంగతేంటంటే, కార్డు గీకగానే బ్యాంకు ఆ డబ్బును పట్టి ఉంచుతుంది అంతే, అమ్మినవాళ్లు బిల్లు పంపాకే అది నిజంగా వెళ్తుంది. వాళ్లు ఆలస్యం చేస్తే హోల్డ్ గడువు తీరిపోయి డబ్బు వదిలేస్తారు. చూడ్డానికి రీఫండ్ వచ్చినట్టే ఉంటుంది, కానీ ఆ తర్వాత బిల్లు వచ్చినా డబ్బు కట్ అవుతుంది. నాకు సరిగ్గా ఆటో డెబిట్లు ఉన్న రోజునే వచ్చింది.

చార్జీ ఒక్కటితో ఎందుకు ఆగలేదో తెలిశాక ఇంకా మండింది. కొన్ని బ్యాంకులు ఆ రోజు వచ్చిన డెబిట్లలో పెద్దదాన్ని ముందు తీసుకుంటాయి. అకౌంట్లో 1000 ఉందనుకోండి, 50, 80, 120, 900 వచ్చాయి. చిన్నవి ముందు పోతే 900 దగ్గర ఒక్క చార్జీ. 900 ముందు పోతే మిగిలేది 100, ఇక 120, 80, 50 మూడింటికీ చార్జీలే. ఖర్చు అదే, వరస మారిందంతే! మీ బ్యాంకు ఏ వరసలో తీస్తుందో నిబంధనల్లో చూడండి, లేదా సూటిగా అడగండి.

హోటళ్లే కాదు, అద్దె కార్లు, కొన్ని పెట్రోల్ బంకులు ముందు అంచనా మొత్తం పట్టి ఉంచి, అసలు లెక్క తర్వాత పంపుతాయి. విమానంలో నెట్ లేకుండా గీకిన కార్డు లావాదేవీ అయితే మన అకౌంట్లో వెంటనే కనిపించకపోవచ్చు కూడా. సెలవులు అడ్డొస్తే ఇంకా ఆలస్యం. చెక్కు వేసినప్పుడు ఇది తిరగబడుతుంది, డబ్బు వచ్చినట్టు చూపిస్తుంది గానీ క్లియర్ అయ్యేదాకా అది మీది కాదు.

ఇప్పుడు నేను కార్డు గీకిన వెంటనే మొత్తం ఫోన్‌లో రాసుకుంటున్నాను, స్టేట్‌మెంట్‌లో ఎక్కాకే కొట్టేస్తాను. పెండింగ్‌లోంచి మాయమైనదాన్ని మాత్రం కొట్టెయ్యను. వాయిదాలకీ సబ్‌స్క్రిప్షన్లకీ వేరే అకౌంట్ పెట్టాను, దానికి కార్డే లేదు. తక్కువ బ్యాలెన్స్ అలర్ట్ పెట్టుకోండి గానీ దాని మీదే ఆధారపడొద్దు, లెక్కలోకి ఎక్కనిదాని గురించి అదేం చెప్పగలదు? కార్డు కొనుగోళ్లకి ఓవర్‌డ్రాఫ్ట్ ఆపేయమని బ్యాంకుని అడగొచ్చు, అప్పుడు డబ్బు చాలకపోతే చాలావరకు కార్డు పనిచేయదు, అంతే. ఆటో డెబిట్ వెనక్కిపోతే మాత్రం దానికి వేరే చార్జీ ఉండొచ్చు.

ఇప్పటికే ఇలా చార్జీలు పడినవాళ్లు ఊరుకోకండి, హోల్డ్ వదిలేసిన తేదీ, బిల్లు ఎక్కిన తేదీ రెండూ చూపించి రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో కుదరదన్నవాళ్లే రాసి పంపాక నాకు కొన్ని చార్జీలు వెనక్కి వేశారు. మిగతావాటి మీద ఇంకా ఫిర్యాదు నడుస్తోంది.