పాత గ్లాస్ ఫ్లై రాడ్ కొంటున్నారా? “పాతవి ఇలాగే ఉంటాయండి” అంటే నమ్మకండి

పాత ఫైబర్‌గ్లాస్ ఫ్లై రాడ్ (ఫ్లై అనే తేలికపాటి కృత్రిమ ఎరను లైను బరువుతో విసిరే గాలం కర్ర) ఫొటోల్లో చూసి మనసు పారేసుకున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. ఇందులో ఉన్నదంతా నేను డబ్బు పంపేశాక నేర్చుకున్నాను.

నేను కొన్నది ఎనిమిది అడుగుల రాడ్. రెండు ముక్కలది, 6వ నంబరు లైనుకి చేసింది (నంబరు పెరిగేకొద్దీ లైను బరువు). వెలుతురుకి తేనె రంగులో మెరిసే బ్లాంక్ (రాడ్ బోలు కర్ర), శుభ్రమైన కార్క్ పిడి. ఆ కాలపు మంచి కంపెనీది. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. “గైడ్లకు దారాలు కొత్తగా చుట్టించి వార్నిష్ వేయించాను, ఇక మీరు లైను ఎక్కించుకోవడమే” అని అమ్మినాయన రాశాడు. గైడ్లంటే లైను దూరే రింగులు, వాటిని రాడ్‌కి దారంతో కట్టి ఉంచుతారు. అది చదివి ఎంత శ్రద్ధగల మనిషో అనుకున్నాను. అసలు ఎందుకు చుట్టించాల్సి వచ్చిందో అడగాలని నాకు తోచలేదు.

మొదటి రోజే ఏదో తేడా అనిపించింది. ఇరవై అడుగుల దూరానికి రాడ్ వంగనే లేదు, చీపురుకట్టతో విసిరినట్టుంది. ఇంకాస్త లైను వదిలితే వంగింది గానీ, ఆ వంపు కింది దాకా సాఫీగా దిగడం లేదు. నడుమ అతుకు దగ్గర తడబడుతోంది. ముందుకు విసిరేటప్పుడు “టిక్” అని చిన్న చప్పుడు. అమ్మినాయనకు రాస్తే జవాబు వెంటనే వచ్చింది: “పాత గ్లాస్ ఇలాగే ఉంటుందండి. మీ చెయ్యి గ్రాఫైట్‌కి అలవాటు పడింది. ఒక నంబరు పెద్ద లైను వేసి చూడండి.”

నమ్మాను. ఎందుకంటే అందులో సగం నిజమే. గ్లాస్ గ్రాఫైట్ (కార్బన్ నార) కంటే నెమ్మది, బరువు కూడా ఎక్కువ. 1970ల్లో గ్రాఫైట్ వచ్చాక చాలామంది గ్లాస్ వదిలేసింది అందుకే. గ్లాస్ పట్టుకున్నవాడు విసిరే తీరు మార్చుకోవాలన్నదీ నిజమే. కాబట్టి లోపం నాలోనే ఉందనుకుని రెండు వారాలు సాయంత్రం పూట గడ్డి మీద సాధన చేశాను. ఆయన చెప్పినట్టే 7వ నంబరు లైను కూడా తెచ్చాను. తేడా చిన్నదేం కాదు: 6వ నంబరు లైను మొదటి 30 అడుగులు 160 గ్రెయిన్లు (లైను బరువుకు వాడే చిన్న కొలత) తూగుతాయి, 7వ నంబరుది 185. మూడో వారం, చేప లేదు నీళ్లు లేవు, ఉత్త గడ్డి మీద, ఫట్‌మని అతుకు చీలిపోయింది.

ఇంటికొచ్చి బ్లేడుతో ఆ కొత్త దారాలు జాగ్రత్తగా విప్పాను. కింద ఇంకో వరుస దారం. దాని కింద గట్టిపడిన జిగురు. ఆ జిగురు కింద నిలువునా పాత పగులు, అంచు నుంచి రెండంగుళాల దాకా. ఈ రాడ్లో పై ముక్క అడుగుభాగమే గొట్టంలా కింది ముక్క మీదికి ఎక్కుతుంది. ఫెన్విక్ అనే రాడ్ల కంపెనీ వాళ్లు 1960ల్లో ఫెరలైట్ అని తెచ్చింది ఈ తరహా అతుకే. మంచి ఏర్పాటు, లోహపు ఫెర్రూల్ (ముక్కల్ని కలిపే గొట్టం) బరువు తగ్గుతుంది, రాడ్ ఒకే ముక్కలా వంగుతుంది. కాకపోతే లోడు పడినప్పుడల్లా ఆ గొట్టం నోటి మీద ఒత్తిడి ఉంటుంది. అక్కడి దారం అందానికి కాదు, నోరు చీలకుండా పట్టి ఉంచడానికి. పగులు మీద జిగురు పోసి, పైన మెరిసే వార్నిష్ పూస్తే అది మరమ్మతు కాదు. మసిపూసి మారేడుకాయ చేయడం.

అనుమానం వచ్చి టేపు తీశాను. సమానంగా ఉండాల్సిన ముక్కలు: కింది ముక్క 49 అంగుళాలు, పై ముక్క 45. నాలుగంగుళాల కొస ఎప్పుడో విరిగిపోతే అక్కడికి కత్తిరించి, కొస రింగు మళ్లీ అతికించారు. కత్తిరించిన చోట బ్లాంక్ లావు కదా, అందుకే ఆ రింగు గొట్టం కూడా లావుగా ఉంది. గైడ్లను కొత్త దూరాలకు సర్ది చుట్టేశారు, కంటికి లోటు కనబడదు. దగ్గరి దూరంలో రాడ్ ఎందుకు వంగలేదో అప్పుడు అర్థమైంది. తక్కువ లైనుకి ముందుగా వంగాల్సింది ఆ సన్నటి కొసే, అదే లేదు.

అమ్మినాయన చివరి జవాబు: “ఫొటోలు చూసే కొన్నారు కదండీ, పాత వస్తువులకు వాపసు ఉండదు.” ఫొటోలు చూసే కొన్నాను, నిజమే. అన్నీ పిడివి, లేబుల్‌వి, దారాలవి. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టిన ఫొటో ఒక్కటీ లేదు.

ఇదంతా విన్న స్నేహితుడొకడు అదే మోడల్ రాడ్ తెచ్చి చేతికిచ్చాడు. వాడిది తయారైనప్పటి నుంచి ఎవరూ మరమ్మతు చేయని రాడ్, వార్నిష్ పసుపెక్కి, కార్క్ నల్లబడి, చూడ్డానికి ఏమీ ఉండదు. అదే 6వ నంబరు లైను. వెనక్కి విసిరి, అలవాటు కొద్దీ వెంటనే ముందుకు తోశాను, లూప్ (గాల్లో లైను తిరిగే వంపు) తనమీదే పడి చిక్కుకుంది. “ఆగరా, వెనక లైను పూర్తిగా చాచుకోనీ” అన్నాడు. ఆగాను. లైను వెనక సాగి, ఆ బరువు రాడ్ వెంట మెల్లగా దిగి కార్క్‌లో బొటనవేలి కింద తెలిసింది. అప్పుడు ముందుకు తెచ్చి ఆపితే చాలు, తోయాల్సిన పని లేదు. రాడ్ ఎక్కువ వంగుతుంది కాబట్టి చెయ్యి కాస్త ఎక్కువ దూరం కదలాలి, అంతే. పాతిక, ముప్పై అడుగుల్లో ఫ్లై ఆకు రాలినట్టు వాలింది. ఎంత హాయిగా ఉందంటే ఆ సాయంత్రం చేపల సంగతే మర్చిపోయాం. ముఖ్యంగా చూసిందేమిటంటే, చెయ్యి ఆపాక కొస ఒకటి రెండుసార్లు ఊగి సర్దుకుంది, తడబాటు లేదు, టిక్ లేదు. నెమ్మదితనం వేరు, జీవం లేకపోవడం వేరు. నాకు ఆ రెండోదాన్ని మొదటిదని చెప్పి అంటగట్టారు.

కాబట్టి అడగాల్సింది మొహమాటం లేకుండా అడగండి. మొదటిది, రెండు ముక్కలూ టేపు పక్కన పడుకోబెట్టి తీసిన ఫొటో. ఈ ఒక్కటి అడిగి ఉంటే నేను బయటపడేవాణ్ని. కొన్ని రాడ్లలో ముక్కలు తయారీలోనే సమానంగా ఉండవు కాబట్టి, జోడించిన మొత్తం పొడవును మోడల్‌తో కూడా పోల్చండి. చాలాసార్లు ఆ పొడవు మోడల్ నంబరులోనే ఉంటుంది: ఫెన్విక్ ఎఫ్ఎఫ్ 75 అంటే ఏడున్నర అడుగులు, ఎఫ్ఎఫ్ 80 అంటే ఎనిమిది. తర్వాత అతుకు ఫొటోలు, విడిగా ఒకటి, జోడించి ఒకటి, పక్క నుంచి వెలుతురు పడేలా. లేత రంగు బ్లాంక్ అయితే లోపలికి టార్చి వేయమనండి, పగులు తెల్లటి మసక గీతలా కనబడుతుంది. ఇంకోటి వీడియో, శబ్దంతో. రాడ్ జోడించి, పావు వంతు చొప్పున తిప్పుతూ మెల్లగా వంచమనండి. టిక్ వినిపిస్తే అక్కడితో మాట ముగించండి. దారాలు కొత్తవైతే, చుట్టక ముందు తీసిన ఫొటో ఉందా అని అడగండి. నిజాయితీగా బాగుచేయించినవాళ్లు గొప్పగా చూపిస్తారు.

స్పిగాట్ అతుకు విషయంలో నేను తిరగేసి తప్పు చేశాను. అందులో కింది ముక్కలోంచి చిన్న కడ్డీ పైకి వచ్చి పై ముక్కలోకి దూరుతుంది. జోడించాక రెండు ముక్కల మధ్య కొద్ది ఖాళీ కనబడుతుంది. అది చూసి సరిగ్గా కూర్చోలేదనుకుని ఒక మంచి రాడ్ వదిలేసుకున్నాను. ఆ ఖాళీ ఉండాల్సిందే. అది పూర్తిగా మూసుకుపోయిందంటేనే అతుకు అరిగిపోయిందని అర్థం. లోహపు ఫెర్రూల్ అయితే వదులుగా ఆడుతోందా, బిగుసుకుపోయిందా అన్నదే చూడాలి. గైడ్లలో గాడి పడిందేమో పాత నైలాన్ మేజోడు ముక్క లాగి చూస్తే తెలుస్తుంది, ఎక్కడ పట్టుకుంటే అక్కడ మీ లైను తెగ అరుగుతుంది.

లైను నంబరు దగ్గర కూడా ఒక తికమక ఉంది. 1961కి ముందు రాడ్ల మీద హెచ్‌డీహెచ్, హెచ్‌సీహెచ్ లాంటి అక్షరాలు ఉండేవి. ఆ అక్షరాలు బరువును కాదు, లైను మందాన్ని చెబుతాయి: హెచ్ అంటే అంగుళంలో 0.025 వంతు, డీ అంటే 0.045. హెచ్‌డీహెచ్ అని ఉంటే ఇప్పటి లెక్కలో దాదాపు 6వ నంబరు డబుల్ టేపర్‌తో (రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా ఉండే లైనుతో) మొదలుపెట్టి చూడండి. “ఏ లైనైనా పనిచేస్తుందండి” అని రాసినవాళ్ల దగ్గర నేనైతే కొనను.

ఇక నా రాడ్ సంగతి. కింది ముక్క నిక్షేపంలా ఉంది. సరిపోయే పై ముక్క కోసం వెతుకుతున్నాను: తేనె రంగు, ఎనిమిది అడుగుల మోడల్‌ది, గొట్టం అతుకు, 49 అంగుళాలు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. ఫొటో మాత్రం టేపు పక్కన పెట్టి తీయండి, దారాలు పాతవైనా ఫర్వాలేదు.