బడి పాఠాలకు హెచ్‌5పి: చాలాకాలం వాడాక

కోడింగ్ రాని టీచరు కూడా వీడియో మధ్యలో ప్రశ్నలు పెట్టి, బొమ్మ మీద పేర్లు అమర్చే ఆట తయారుచేసి పిల్లలకు ఇవ్వగలిగే ఉచిత సాధనాల్లో హెచ్‌5పిని మించింది నాకు కనబడలేదు. చిక్కంతా సెట్టింగుల్లోనే. ఒక్కో మాట వెనక సాఫ్ట్‌వేర్ నిజంగా ఏం చేస్తుందో తెలియకపోతే పాఠం చక్కగానే నడుస్తుంది, మార్కులే తప్పుతాయి.

డ్రాగ్ అండ్ డ్రాప్‌లో పిల్లలు జరిపే ముక్క డ్రాగబుల్, దాన్ని వదిలే చోటు డ్రాప్ జోన్. వీటిని రెండుసార్లు కలపాలి. ముక్క సెట్టింగుల్లో అది ఏ జోన్లలో పడొచ్చో టిక్ చేయాలి. తర్వాత జోన్ సెట్టింగుల్లో ఏ ముక్క సరైనదో మళ్లీ టిక్ చేయాలి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే, సరైన చోట పెట్టిన పిల్లవాడికీ తప్పనే వస్తుంది.

ఫిల్ ఇన్ ద బ్లాంక్స్‌కు ఇంకా జాగ్రత్త కావాలి. జవాబును రెండు నక్షత్ర గుర్తుల మధ్య రాస్తాం. ఏటవాలు గీత పెడితే ప్రత్యామ్నాయ జవాబు, కోలన్ పెడితే సూచన. లెక్కల పాఠంలో దెబ్బతినేది ఇక్కడే: జవాబుగా 1/2 అని రాస్తే ఒట్టి 1 రాసినా, ఒట్టి 2 రాసినా ఒప్పుకుంటుంది. 2:3 అని రాస్తే 2 జవాబు, 3 సూచన అయిపోతాయి. లవానికి ఒక ఖాళీ, హారానికి ఒక ఖాళీ పెట్టండి. నిష్పత్తికీ అంతే, కోలన్‌ను ఖాళీల బయట ఉంచండి.

చిన్న అక్షరదోషాలను అనుమతించే ఆప్షన్ తెలుగు పాఠాల్లో ఆపేయడమే మంచిది. మరీ చిన్న జవాబులను వదిలేస్తే, 9 అక్షరాల వరకు ఒక పొరపాటును, అంతకు మించితే రెండింటిని మన్నిస్తుంది. అది లెక్కపెట్టేది యూనికోడ్ గుర్తులను, అంటే కంప్యూటరు రాతను దాచుకునే విడి గుర్తులను. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. దాంతో 'కేంద్రకం' అడిగితే 'కేంద్రం' రాసినా మార్కు పడుతుంది. సైన్సులో ఆ రెండూ ఒకటి కావు కదా! ఆప్షన్ ఆపి, ఒప్పుకోదగ్గ రూపాలను ఏటవాలు గీతతో మీరే ఇవ్వండి.

ఇంటరాక్టివ్ వీడియోలో ప్రశ్నకు 'పాజ్ వీడియో' టిక్ చేయకపోతే, పిల్లలు చదివేలోపే అది మాయమవుతుంది. పూర్తి మార్కులు వస్తేనే ముందుకు పంపే నిబంధన పెడితే, ముందుకు జరపకుండా ఆపే సెట్టింగునూ పెట్టండి. లేకపోతే టైమ్‌లైన్ లాగేసి దాటిపోతారు.

స్లయిడ్లతో పాఠం చెప్పే కోర్స్ ప్రెజెంటేషన్ ప్రొజెక్టర్ మీద అందంగా ఉంటుంది. ఫోన్‌లో స్లయిడ్ మొత్తం కుదించుకుపోతుంది కనుక ఒత్తులు కనబడవు. ఫోన్‌లో చదివే పిల్లలకు ఇంటరాక్టివ్ బుక్ నయం, అందులో పాఠ్యం తెర వెడల్పుకు సర్దుకుంటుంది.

ఒకే మాటను చాలాచోట్ల మార్చాలంటే ఎడిటర్‌లో తిప్పలు పడక్కర్లేదు. హెచ్‌5పి ఫైలు నిజానికి జిప్ ఫైలే. ఎక్స్‌టెన్షన్‌ను, అంటే ఫైలు పేరు చివరి .h5pని .zipగా మార్చి తెరిస్తే, కంటెంట్ ఫోల్డరులోని జేసాన్ ఫైలులో (content.json) పాఠ్యమంతా ఉంటుంది. ముందు ఒక కాపీ దాచుకుని మార్చండి. తిరిగి జిప్ చేసేటప్పుడు బయటి ఫోల్డరును కాకుండా లోపలి ఫైళ్లను ఎంచుకోవాలి. హెచ్‌5పి జేసాన్ ఫైలు (h5p.json) జిప్‌లో మొదటి స్థాయిలోనే ఉండాలి, లేదంటే అప్‌లోడ్ కాదు.