బొమ్మలేసే కుర్రాడు డైరెక్టర్ కావాలంటే: ఆర్ట్ డిపార్ట్‌మెంటా, డైరెక్షన్ డిపార్ట్‌మెంటా?

విజయనగరంలో నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకునే పిల్లల్లో ఏటా ఇద్దరు ముగ్గురైనా ఈ ప్రశ్న అడుగుతారు. "మాస్టారూ, డైరెక్టర్ అవ్వాలంటే ఆర్ట్‌లో చేరమంటారా, డైరెక్షన్‌లో చేరమంటారా?" మొన్న ఆమదాలవలస నుంచి ఒక తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. "మా గుంటడు బొమ్మలు బాగా ఏస్తాడు బాబూ, ఎటు పంపమంటారో సెప్పండి" అన్నాడు. హైదరాబాద్‌లో ఆరేళ్లు సినిమా సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా పనిచేసి వచ్చాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

డబ్బు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మొదటి రెండేళ్లూ ఎటు వెళ్లినా రూమ్ అద్దెకి ఇంటి నుంచి తెప్పించుకోవాల్సిందే. తేడా తర్వాత తెలుస్తుంది. ఆర్ట్‌లో ఆరేడేళ్లు ఉంటే గ్రౌండ్ ప్లాన్ గీయడం, ప్లైవుడ్ ఎంత పడుతుందో లెక్కకట్టడం, అచ్చులు పోసే మోల్డర్లతో, పెయింటర్లతో పని చేయించడం వస్తాయి. డైరెక్షన్ ఛాన్స్ రాకపోయినా ఆ పని అన్నం పెడుతుంది. అసిస్టెంట్ డైరెక్టర్‌కి ఆ భరోసా తక్కువ. కథ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూ నలభై దాటిన స్నేహితులు నాకున్నారు. వాళ్ల ఇళ్లల్లో టెన్షన్ ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను.

ఇంతవరకూ చూస్తే ఆర్టే మేలనిపిస్తుంది. కానీ నా లెక్కలో దీన్ని తేల్చేది వేరే ఉంది. "యాక్షన్" అన్నప్పుడు మనం ఎక్కడ ఉంటాం?

ఒకసారి స్టూడియో ఫ్లోరులో శ్రీకాకుళం వైపు పూరిల్లు సెట్టు వేశాం. ప్లై మీద రంపపు పొట్టు కలిపిన పూత పూసి, మట్టిగోడలా రంగు తెచ్చాం. అంతా బాగానే ఉంది గానీ ఆ ఇంట్లో మనుషులు బతికినట్టు లేదు. మా తాత గోడకి ఆనుకుని కూర్చునే చోట తల నూనె అంటి నల్లగా ఒక మరక ఉండేది. అది గుర్తొచ్చి, సెట్టులో నేల మీద కూర్చుని చూశాను. తల ఆనిన చోట సుద్దతో గుర్తు పెట్టి, పాతగుడ్డతో ఆముదం రాసి, దాని మీద కొంచెం మసి అద్దాను. అరచేయంత మరక. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఆ సీనులో ముసలాయన వేషం వేసిన నటుడు వచ్చి, చుట్టూ చూసి, సరిగ్గా ఆ మరక కిందే కూర్చుని గోడకి తల ఆన్చాడట. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదట. తల ఆన్చగానే డైలాగు చెప్పే తీరే మారిపోయిందట. ఇదంతా రాత్రి భోజనాల దగ్గర ఒక అసిస్టెంట్ డైరెక్టర్ చెబితే తెలిసింది. ఆ షాట్ తీస్తున్నప్పుడు నేను పక్క ఫ్లోరులో పోలీస్ స్టేషన్ సెట్టుకి రంగు వేయిస్తున్నాను.

ఆ అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడికి నాలా చూసే కన్ను లేదు. ఆ మరక అతనికి తట్టేది కాదు. కానీ నటుడి గొంతు మారడం అతను చూశాడు, నేను చూడలేదు. ఆరేళ్లలో నేను ఎన్నో సెట్లు వేశాను, నిలబడి చూసిన షాట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సెట్టు అప్పగించాక మన కాలు వచ్చే సెట్టులో ఉంటుంది.

అయినా ఆర్ట్ దారిన వెళ్లి డైరెక్టర్లుగా గెలిచినవాళ్లూ ఉన్నారు. మలయాళంలో పి.ఎన్.మీనన్ ఆర్ట్ డైరెక్టర్. ఆయన దర్శకుడై 1970లో "ఓళవుం తీరవుం" తీసినప్పుడు స్టూడియో వదిలి కెమెరాని బయటికి, నది ఒడ్డుకి తీసుకుపోయారు. సెట్టు వేయడం తెలిసినాయనే సెట్టు వద్దనుకోవడం నాకెంతో ఇష్టమైన సంగతి. ఆ కథ ఎం.టి.వాసుదేవన్ నాయర్‌ది. మీనన్ గారి బంధువు భరతన్ కూడా ఆర్ట్ డైరెక్షన్ నుంచే వచ్చి 1975లో "ప్రయాణం" తీశారు. రాసింది పద్మరాజన్. తర్వాత మనవాళ్లు "క్షత్రియపుత్రుడు"గా చూసిన "తేవర్ మగన్" కూడా భరతన్ తీసిందే. బొమ్మ తెలిసిన ఇద్దరూ మాట తెలిసినవాణ్ణి పక్కన పెట్టుకున్నారని గమనించండి. ఇంగ్లీషు సినిమాల డైరెక్టర్ హిచ్‌కాక్ అయితే మూకీల రోజుల్లో ఒకే సినిమాకి ఆర్ట్ డైరెక్షనూ అసిస్టెంట్ డైరెక్షనూ రెండూ చేశాడు. నాలాగా పక్క ఫ్లోరులో ఉండిపోలేదు.

ఇన్‌స్టిట్యూట్ సంగతి కూడా అడుగుతున్నారు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ డైరెక్షన్ కోర్సు ఉంది, సీటొస్తే వదులుకోవద్దు. షార్ట్ ఫిలిం మాట అడగనే అక్కర్లేదు, ఫోన్ ఉంటే తీసేయండి.

ఇక నా మాట. చేతిలో బొమ్మ ఉన్నవాడు ఆర్ట్‌లోనే చేరాలి. బొమ్మ రానివాడికి డైరెక్షన్ డిపార్ట్‌మెంటే దారి. అయితే ఆర్ట్‌లో చేరేవాడు హైదరాబాద్ బస్సెక్కే ముందే నటుల పక్కన కొన్నాళ్లు గడపాలి. దానికి మన ఊరిని మించింది లేదు. 1892లో "కన్యాశుల్కం" మొదట ఆడిన ఊరు ఇది. నాటకాలాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రిహార్సల్స్‌కి వెళ్లి ప్రాంప్టింగ్ చేస్తాను, మర్చిపోయిన డైలాగు అందిస్తాను అంటే కాదనేవాళ్లు ఉండరు. ఒకే మాటని ఒకే మనిషి పదిసార్లు పది రకాలుగా అనడం ఆర్నెల్లు వింటే, నేను ఆరేళ్లలో పోగొట్టుకున్నదాంట్లో సగమైనా దక్కుతుంది.

ఆమదాలవలస కుర్రాడి నోటుబుక్కులో వాళ్ల వీధి అరుగు బొమ్మ ఉంది. పెచ్చులూడిన గచ్చు, స్తంభం నీడ, అన్నీ చక్కగా వేశాడు. మనిషి మాత్రం లేడు. ఆ అరుగు మీద ఎవరు కూర్చుంటారని అడిగాను. "మా మామ్మండి, సాయంత్రం నాలుగింటికి" అన్నాడు. ఆవిడ ఎలా కూర్చుంటుందో చూసి వేసుకుని రమ్మన్నాను. ఆదివారం వస్తానన్నాడు.